రాత్రిపూట గుంటనక్కని షూట్ చేయాలంటే లైటుకి ఏ ఫిల్టర్ వేయాలి?

ఎమ్మిగనూరు దగ్గర బీడు భూమిలో తీసిన గుంటనక్క క్లిప్ పెట్టినప్పట్నుంచీ ఒకటే ప్రశ్న. "అన్నా, లైటుకి ఏం ఫిల్టర్ వేశావ్? ఎర్రదా, ఆకుపచ్చదా?" ఆదోని నుంచి, కోసిగి నుంచి, అటు బళ్ళారి నుంచి కూడా మెసేజ్‌లు వచ్చినాయి. అందుకని ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే. డేటా అయిపోయి వీడియో చూడలేనివాళ్ళ కోసం అదే మాటల్ని ఇక్కడ రాతలో పెడుతున్నాం.

ముందు ఒక విషయం తేల్చేద్దాం. యూట్యూబ్‌లో నైటు, ఫాక్స్, షూటింగ్, ఫిల్టర్ అని కొట్టి చూడండి. వచ్చే వీడియోల్లో చాలా భాగం కెమెరావి కావు, తుపాకీవి. ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో రాత్రిపూట జీపు మీద పెద్ద లైటు పెట్టుకుని నక్కల్ని కొడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ల్యాంపింగ్. ఆస్ట్రేలియాకి నక్క సొంత జంతువు కూడా కాదు. 1800ల్లో ఇంగ్లీషువాళ్ళు వేట సరదా కోసం తెచ్చి వదిలారు. అది దేశంలో చాలా భాగం పాకి అక్కడి చిన్న జంతువుల్ని తినేస్తోందని ఇప్పుడు దాన్ని పీడగా చూస్తారు. లైటు ఫిల్టర్ల గురించి నెట్‌లో ఉన్న జ్ఞానం చాలావరకు ఆ వేటగాళ్ళు పోగేసిందే. అందులో మనకి పనికొచ్చేది ఉంది, అస్సలు పనికిరానిదీ ఉంది.

మన దగ్గర కథ పూర్తిగా వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుంటనక్కని వేటాడటం నేరం. ఆ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థం ఒకసారి చదవండి, మన రీల్స్ బ్యాచ్ తప్పకుండా చదవాలి. చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, వెంటపడి తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా అందులోనే ఉన్నాయి. అంటే బైకు మీద హెడ్‌లైట్ వేసుకుని నక్క వెనకాల అర కిలోమీటరు ఉరికించి "నక్క తోక తొక్కినాం మామా" అని రీల్ పెడితే, అది మీ మీద మీరే తయారు చేసి పెట్టిన సాక్ష్యం. కోడి ముక్కలు వేసి రప్పించడం కూడా అంతే. ఈ ఎపిసోడ్‌లో షూట్ అంటే కెమెరా షూట్ మాత్రమే.

ఇంకోటి, మనం మాట్లాడుతున్నది ఏ జంతువు గురించి? ఊళ్ళో అందరూ కలిపి నక్క అనేస్తారు. రాత్రి గుంపుగా ఊళపెట్టేది నక్క, కాస్త పెద్దది. గుంటనక్క చిన్నది, రెండు నుంచి నాలుగు కిలోలు ఉంటుంది, సన్నని కాళ్ళు, కుచ్చుతోక, తోక చివర నలుపు. దట్టమైన అడవి దీనికి పట్టదు. గడ్డి బీళ్ళు, దున్నకుండా వదిలేసిన చేలు, కోత అయిపోయిన శనగ చేలు, ఇట్లాంటి బయలు ప్రదేశాలే దీని ఇల్లు. మన పడమటి కర్నూలు రేగడి భూములు దానికి బాగా సరిపోతాయి. ఎలుకలు, పురుగులు, చెదలు, తొండలు, రేగుపండ్లు తింటుంది. రైతుకి దీనితో లాభమే తప్ప నష్టం పెద్దగా ఉండదు. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయిన రోళ్ళపాడు అభయారణ్యంలో రంజిత్ మనకదన్, అసద్ రహ్మానీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గుంటనక్క మీదే పని చేసి 2000లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వ్యాసం రాశారు. రోళ్ళపాడు అంటే బట్టమేక పక్షే గుర్తొస్తుంది మనకి. అదే గడ్డిలో గుంటనక్క కూడా ఉంది.

సరే, లైటు. ఏ రంగు అనే ప్రశ్నకి సమాధానం మన కంట్లో లేదు, నక్క కంట్లో ఉంది. మన కంట్లో రంగు గుర్తుపట్టే కణాలు మూడు రకాలు. కుక్క జాతి జంతువులకి రెండే రకాలు. 1993లో అమెరికాలో జెరాల్డ్ జేకబ్స్ బృందం కుక్కల్నీ, ఎర్రనక్కనీ, ధ్రువప్రాంతపు నక్కనీ, ఇంకో దీవి నక్కనీ పరీక్షించింది. అన్నిట్లోనూ లెక్క దాదాపు ఒకటే వచ్చింది. ఒక రకం కణం 430 నానోమీటర్ల చుట్టుపక్కల, అంటే నీలం వైపు. రెండోది 555 దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ. మన గుంటనక్క ఆ పరీక్షలో లేదు, కానీ ఎర్రనక్కకి ఇది దాయాది, రెండిటిదీ వల్పెస్ అనే ఒకే ప్రజాతి. కాబట్టి ఆ లెక్కనే పట్టుకుని ముందుకు పోవచ్చు.

దీనితో సగం చర్చ తేలిపోతుంది. ఆకుపచ్చ ఫిల్టర్ వేసుకోమని చాలామంది చెబుతారు, ఎందుకంటే ఆకుపచ్చలో మనకి దూరం బాగా కనిపిస్తుంది. నిజమే. కానీ మన కన్ను ఎక్కడ బలంగా ఉందో నక్క కన్ను కూడా సరిగ్గా అక్కడే బలంగా ఉంది. నీకు బాగా కనపడే లైటు దానికీ బాగా కనపడుతుంది. నీలం ఇంకా అన్యాయం. చీకట్లో పనిచేసే కణాలు నీలం-ఆకుపచ్చ దగ్గర, 500 నానోమీటర్ల చుట్టూ, చాలా చురుకు. ఇక ఎరుపు. 630 దగ్గరికి వచ్చేసరికి నక్క కన్ను బాగా మందగిస్తుంది. కనపడదు అని కాదు. ఎర్ర లైటు జంతువులకి అసలు కనపడదు అని ఎవరైనా చెబితే నమ్మొద్దు, మసకగా కనపడుతుంది. మన కంట్లో ఎరుపు వైపు ఒక రకం కణం అదనంగా ఉంది, దానికి లేదు. అందుకని మనకి ఎర్రగా వెలిగే లైటు దానికి ఏదో కాస్త వెలుతురులా ఉంటుంది, అంతే.

మరి ఎర్ర కాగితం చుట్టేస్తే అయిపోయినట్టేనా? ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. నాలుగేళ్ళు ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ళు రాసిన కోడ్‌లో బగ్గులు వెతికిన అలవాటుతో చెబుతున్నా, సమస్య ఫిల్టర్లో లేదు, దాని వెనకున్న బల్బులో ఉంది.

మీ ఫోన్ ఫ్లాష్, మన ఊళ్ళల్లో బ్యాటరీ అని పిలిచే టార్చి, రైతులు మోటరు కాడికి పోయేటప్పుడు తలకి కట్టుకునే లైటు, అన్నిట్లోనూ ఇప్పుడు తెల్ల ఎల్‌ఈడీలే. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి తెల్లగా పుట్టదు. లోపల ఉన్నది నీలం ఎల్‌ఈడీ, 450 దగ్గర వెలుగుతుంది. దాని మీద పూసిన పసుపు పూత ఆ నీలంలో కొంత పీల్చుకుని పసుపు, ఆకుపచ్చ వెలుగు ఇస్తుంది. రెండూ కలిస్తే మనకి తెలుపులా అనిపిస్తుంది. అందులో చిక్కటి ఎరుపు చాలా తక్కువ. ఫిల్టర్ కొత్తగా రంగు పుట్టించదు, ఉన్నదాంట్లోంచి వేరే రంగుల్ని ఆపుతుంది, అంతే. లేని ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఎంత పెద్ద టార్చి అయినా ఎర్ర ఫిల్టర్ వేయగానే చచ్చుబడిపోతుంది. పాత వీడియోల్లో ఎర్ర ఫిల్టర్ అద్భుతంగా పనిచేసినట్టు కనపడటానికి కారణం కూడా ఇదే. వాళ్ళవి హాలోజెన్ దీపాలు, వాటి వెలుగులో ఎరుపు దండిగా ఉంటుంది.

కాబట్టి నా మొదటి సలహా ఫిల్టర్ కొనొద్దు అనే. పుట్టుకతోనే ఎర్రగా వెలిగే ఎల్‌ఈడీ ఉన్న టార్చి కొనండి. 620 నుంచి 630 నానోమీటర్లు అని రాసి ఉంటే చాలు. దాని శక్తంతా ఎరుపులోనే వస్తుంది, వృథా లేదు. 660 ఉన్నవీ దొరుకుతాయి, నక్కకి ఇంకా తక్కువ కనపడుతుంది కదా అని మీరు అడగొచ్చు. కరెక్టే, కానీ మీ ఫోన్‌కి కూడా తక్కువే కనపడుతుంది. ఫోన్ కెమెరా సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఒక పల్చటి గాజు ఫిల్టర్ కంపెనీయే పెడుతుంది. అది 650 దాటాక అడ్డుకోవడం మొదలుపెడుతుంది. నక్క కన్ను మూసుకునే చోటుకీ, ఫోన్ కన్ను మూసుకునే చోటుకీ మధ్య సందు చాలా చిన్నది. ఆ సందులో దూరేది 620-630. ఇంజినీరింగ్ అంటే ఇదే కదా, రెండు ఇబ్బందుల మధ్య ఎక్కడ నిలబడాలో చూసుకోవడం.

ఇదే కారణంతో 850 ఇన్‌ఫ్రారెడ్ లైటు కొని డబ్బు తగలేయకండి. అడవుల్లో చెట్టుకి కట్టే ట్రాప్ కెమెరాలకి అది పనికొస్తుంది, వాటిలో రాత్రిపూట ఆ గాజు అడ్డు ఉండదు. మన ఫోన్ మెయిన్ కెమెరాకి అది కటిక చీకటే.

కొత్త టార్చికి డబ్బులు లేవు, ఉన్న తెల్ల బ్యాటరీతోనే లాగించాలి అంటే? అప్పుడు ఎరుపు కాకుండా నారింజ వైపు ఆలోచించండి. తెల్ల ఎల్‌ఈడీలో పసుపు, నారింజ బాగానే ఉంటాయి కాబట్టి ఫిల్టర్ దాటి వచ్చే వెలుగు ఎక్కువ. నక్కకి ఎరుపు కంటే ఎక్కువ కనపడుతుంది, ఒప్పుకోవాలి. కానీ దాన్ని గుచ్చే నీలం భాగం మొత్తం పోతుంది. టార్చిని లో మోడ్‌లో పెట్టి నారింజ వాడటం, హై మోడ్‌లో పెట్టి నాసిరకం ఎరుపు వాడటం కంటే నాకు మెరుగనిపించింది.

నాసిరకం అని ఎందుకన్నానంటే, ఫ్యాన్సీ షాపులో దొరికే ఎర్ర జిలాటిన్ కాగితం కంటికి ఎర్రగానే ఉంటుంది, కానీ చాలాసార్లు నీలం లీకవుతుంది. కంటితో చూస్తే దొరకదు. దానికో పరీక్ష ఉంది, ఇంట్లో పాత సీడీ ఉంటే చాలు. గది చీకటి చేయండి. టార్చి వెలుగు సీడీ మెరిసే వైపు పడేలా పెట్టి ఏటవాలుగా తిప్పండి. ఇంద్రధనుస్సులాంటి చార కనపడుతుంది, నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఇప్పుడు టార్చి ముందు మీ ఎర్ర కాగితం పెట్టండి. చారలో ఎరుపు ఒక్కటే మిగలాలి. ఎక్కడో ఒక మూల నీలమో ఊదానో మెరిసిందా, ఆ కాగితం లీకే. రెండో పొర వేసి మళ్ళీ చూడండి. ఒక పొర పదో వంతు నీలం వదిలితే రెండు పొరలు వందో వంతే వదులుతాయి. నేను ఫోన్ ఫ్లాష్‌ని కూడా ఇట్లే పరీక్షిస్తుంటాను. ఫిజిక్స్ ల్యాబులో రికార్డు రాయడానికి చేసిన ప్రయోగం ఇన్నేళ్ళకి పొలంలో పనికొచ్చింది.

మంచి షీటు కావాలంటే మన ఊళ్ళల్లో పౌరాణిక నాటకాలకి లైటింగ్ పెట్టేవాళ్ళని అడగండి. స్టేజీ లైట్లకి వాడే షీట్లు వేడి తట్టుకునేలా చేస్తారు, రంగు కూడా నమ్మకంగా ఉంటుంది. లీ కంపెనీది 106 నంబరు, ప్రైమరీ రెడ్ అంటే వాళ్ళకి తెలుస్తుంది. ఒక చిన్న ముక్క చాలు మనకి. మామూలు జిలాటిన్ కాగితాన్ని పెద్ద టార్చి మీద హైలో పెడితే ముడుచుకుని కరిగిపోతుంది, జాగ్రత్త.

ఇప్పుడు ఫోన్ వైపు. ఫోన్ సెన్సర్‌లో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చకి, ఒకటి నీలానికి, ఒకటి ఎరుపుకి. ఎర్ర లైటులో తీస్తే నాలుగింట్లో మూడు చుక్కలు దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. అందుకే వీడియో బురదబురదగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది. రంగు కోసం కొట్లాడకండి, తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. స్నాప్‌సీడ్‌లో ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసేటప్పుడు కలర్ ఫిల్టర్ అని అడుగుతుంది, అక్కడ ఎరుపు ఎంచుకోండి. ఖాళీ చుక్కల్లోని చెత్త తగ్గి, పనిచేసిన చుక్కలే బొమ్మ కడతాయి.

వీడియోకి ప్రో మోడ్‌లో షట్టర్ ముప్పయ్యో వంతు సెకను. నైట్ మోడ్ ఫొటోలకి బాగుంటుంది కానీ నక్క తల తిప్పితే పొగలాగ వస్తుంది. జూమ్ లెన్సు వద్దు, 1ఎక్స్ లెన్సే చీకట్లో ఎక్కువ వెలుగు తాగుతుంది. ఎర్ర చీకట్లో ఆటోఫోకస్ పిచ్చిదైపోతుంది కాబట్టి, నక్క వచ్చే చోటికి అంతే దూరంలో ఒక రాయిమీదో పుట్టమీదో ముందే వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసుకోండి. చౌక టార్చీలు లో మోడ్‌లో కంటికి తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి, వీడియోలో అడ్డచారలు వస్తాయి. ఇంట్లోనే ఫోన్ పెట్టి చూసుకుని పోండి.

లైటు ఎక్కడ పెట్టాలి అనేది ఏ రంగు అన్నదానికంటే పెద్ద విషయం. నక్క కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, వచ్చిన వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఫోన్ ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి ఆ వెలుగంతా నేరుగా లెన్సులోకే వచ్చి, కళ్ళు రెండు బల్బుల్లాగ వెలిగి, మొహం నల్లగా పోతుంది. నక్క ఎక్కడుందో వెతకడానికి తలలైటు మంచిది, కళ్ళ మెరుపు దొరుకుతుంది. దొరికాక దాన్ని ఆపేసి, రెండు మూడు గజాలు పక్కన నిలబడ్డ ఫ్రెండ్ చేతిలోని ఎర్ర లైటుతో తీయండి. ఆ లైటు కూడా నక్క మొహం మీద కాదు, దాని పక్కన నేల మీద. పక్కకి చిందే వెలుగు సరిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది కాబట్టి దగ్గరికి పోవాలనిపిస్తుంది. పోవద్దు. కదలకుండా కూర్చుంటే అదే వస్తుంది, ఎలుకల కోసం గట్టు వెంబడే తిరుగుతుంది. ల్యాంపింగ్ చేసేవాళ్ళు అనుభవంతో చెప్పే ఒక మాట ఇక్కడ మనకి పనికొస్తుంది. ఒకసారి లైటుతో బెదిరిన నక్క తర్వాత లైటు చూస్తేనే పరిగెడుతుంది. మీరు ఒక రాత్రి తెల్ల ఫ్లాష్ మొహాన కొడితే ఆ చేలో తర్వాతి రాత్రులన్నీ పోయినట్టే.

బొరియ దగ్గర మాత్రం లైటు, ఫిల్టర్ అనే మాటే లేదు. చలికాలంలో జతకట్టి, సుమారు యాభై రోజుల తర్వాత, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల పిల్లలు పెడుతుంది. సరిగ్గా మనకి పత్తి, శనగ అయిపోయి నేల ఖాళీగా, షూటింగ్‌కి అనుకూలంగా కనపడే నెలలు ఇవే. ఒకే చోట నాలుగైదు కన్నాలు, కొత్తగా తవ్విన మట్టి కనపడిందంటే వెనక్కి తిరగండి. లొకేషన్ ఎవరికీ షేర్ చేయకండి, స్టోరీలో అసలే వద్దు. పిల్లలున్న బొరియకి మనుషులు తిరిగితే, ఆ దారి ఊరకుక్కలకి కూడా తెలుస్తుంది. గుంటనక్కలు కుక్కలున్న చోట్లని తప్పించుకుని తిరుగుతాయని మహారాష్ట్రలో నన్నజ్ దగ్గర అబి తమీమ్ వనక్ చేసిన పనిలో తేలింది.

ఇక మీ ప్రాణం సంగతి. ఎర్ర లైటులో గోధుమరంగు, నలుపు, ఎండుగడ్డి అన్నీ ఒకేలా కనపడతాయి. రక్తపింజరి కూడా. నక్కకి మంచిదని ఎర్ర లైటుతో నడిస్తే, కాలు ఎక్కడ పెడుతున్నారో మీకే తెలియదు. నడిచేటప్పుడు తెల్ల లైటు, కాళ్ళ దగ్గరికి మాత్రమే, బూట్లతో. కూర్చున్నాకే ఎరుపు. ఏదన్నా కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు, 108కి కొట్టి ఆసుపత్రికి. గట్టు లేని బావులు, అడవిపందుల కోసం పొలం చుట్టూ లాగే కరెంటు తీగలు రాత్రి ఏ ఫిల్టర్లోనూ కనపడవు. అందుకే ముందు పగలు పోయి, ఆ చేను రైతుని కలిసి, ఎక్కడ తీగ ఉందో అడిగి, ఎక్కడ కూర్చోవాలో చూసుకుని రండి. మోటరు కేబుళ్ళు కోసుకుపోయే దొంగల వల్ల చీకట్లో లైటు కదిలితే రైతులు ఊరుకోరు. "ఏమప్పా, యాడికి పోతాండావు ఈ యాళప్పుడు?" అని ఒకరు అడిగితే మీ పేరు, ఊరు, ఫోన్‌లో తీసిన నక్క బొమ్మ చూపించేలా ఉండాలి. నాకైతే అట్లా చూపించిన ప్రతిసారీ, ఏ గట్టు మీద ఎన్నింటికి వస్తుందో ఆయనే చెప్పాడు. రోళ్ళపాడు లాంటి అభయారణ్యంలోకైతే అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా పోవద్దు.

సీడీ పరీక్ష చేసినవాళ్ళు ఆ చార ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, ఏ షాపు కాగితం అని పేరు రాయకుండా ఒక పొరా రెండు పొరలా అని మాత్రం రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో కొన్ని తీసుకుని, అదే ఫోన్‌తో, అదే దూరంలో పెట్టిన కొబ్బరికాయ మీద వెలుగు ఎంత పడుతుందో కొలిచి చూపిస్తాను. నక్కని ఇబ్బంది పెట్టే పని లేదు, కొబ్బరికాయ చాలు.